మెదడునందలి చీముగడ్డ – దాని పుట్టుక, చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరచిన ఉపన్యాసపాఠము)



గోదావరిఖని అను పేరులోనే ఖని యున్నది. రామగుండము మొదలుకొని గోదావరి యొడ్డు వరకు గల యీ ప్రాంతమున నేలలోపలి సంగతులు తెలియని యిల్లు లేదు. కావున తలలోపలి సంగతిని చెప్పబూనినప్పుడు నేలలోపలి యుదాహరణముతో నారంభించుట సులభము. బొగ్గు తీసివేసిన పిదప మిగిలిన ఖాళీ భాగమును కార్మికులు గోఫు అందురు. అచ్చట మిగిలిపోయిన బొగ్గు గాలి సోకి తనంత తానే వేడెక్కును. మొదట మంట యుండదు; పొగయు నుండదు. గాలిలో చెమ్మ పెరుగును, ఒక విధమైన వాసన తగులును, గాలిని పరీక్షించినచో విషవాయువు జాడ తెలియును. అనుభవజ్ఞుడైన యధికారి మంట కనబడువరకు వేచియుండడు. ఆ భాగమునకు అడ్డుగోడ కట్టించును. గోడ నిప్పును అరికట్టును గాని వెంటనే ఆర్పదు. అందుచేత గోడ కట్టిన పిదప గూడ దానిని కనిపెట్టియే యుందురు.

మెదడునందు చీముగడ్డ పుట్టుటయు నట్టిదే. అదియు కంటికి కనబడక లోలోపల రగులును. దాని చుట్టును శరీరము అడ్డుగోడ కట్టును. ఆ గోడ కొంతకాలము ప్రాణమును కాపాడును. కాని లోపలి చీమును పోగొట్టజాలదు. ఈ వ్యాధి తరచుగా వచ్చునది కాదు. అయినను వచ్చినప్పుడు మిక్కిలి ప్రమాదకరము. దీని విషయమున గృహస్థు తెలిసికొనవలసిన ముఖ్యాంశ మొక్కటి కలదు: పెక్కు సందర్భములలో నిది ముందుగా హెచ్చరించియే వచ్చును, ఆ హెచ్చరికను మొదట వినవలసినవారు వైద్యులు కారు, ఇంటివారే.

శరీరమున మరియొకచోట గడ్డ లేచినచో నది బయటికి ఉబ్బును, ఎర్రబడును, పండి పగులును. తొడమీది గడ్డను ముసలమ్మయు గుర్తింపగలదు. మెదడు సంగతి వేరు. అది గట్టి యెముకల పెట్టెలో, మూడు పొరల నడుమ, నీటితేమతో నున్నది. రక్తములోని ప్రతి పదార్థమును మెదడులోనికి పోనీయక వడగట్టు కట్టుదిట్టమైన కాపలా కూడ గలదు. ఇంత రక్షణ యుండుటచే సూక్ష్మజీవులు సామాన్యముగా లోనికి రాలేవు. కాని యొకమారు ప్రవేశించినచో ఆ రక్షణయే కీడగును. కపాలము సాగునది కాదు. లోపల వాచినదానికి బయటికి దారి లేదు. గడ్డ పెరిగినకొలదియు మెదడే నలుగును.

ప్రాచీనులు చీముగడ్డను విద్రధి యనిరి. సుశ్రుతసంహితలో నిదానస్థానమునందు విద్రధికి ప్రత్యేకముగా నొక యధ్యాయమే కలదు. బయట లేచునది బాహ్యవిద్రధి యనియు, లోపల పుట్టునది అంతర్విద్రధి యనియు నందు విభాగము. సూత్రస్థానమున వాపునకు మూడవస్థలు చెప్పబడినవి: ఆమము, పచ్యమానము, పక్వము. అనగా పచ్చిది, పండుచున్నది, పండినది. పచ్చిదానిని కోసిన వైద్యుని, పండినదానిని ఉపేక్షించిన వైద్యుని, ఇరువురను సుశ్రుతుడు సమానముగా నిందించెను. అది యెప్పటి మాటయో! అయినను మెదడు గడ్డల విషయమున నేటి వైద్యులు చేయు విచారణ కూడ ఆ తీరుననే నడచుచున్నది. మొదటి మూడు దినములు సూక్ష్మజీవులు చేరినచోట మెదడు వాచి మెత్తబడును. నాల్గవ దినము మొదలు తొమ్మిదవ దినము వరకు నడుమభాగము కుళ్లి చీముగా మారును. పదవ దినమునుండి చుట్టును పలుచని తొడుగు ఏర్పడును. రెండు వారములు గడచుసరికి ఆ తొడుగు గట్టిపడును. తొడుగు కట్టని దశలో మందులు ప్రధానము. గట్టిపడిన పిదప మందులు మాత్రమే చాలుట యరుదు. కావున దినములను లెక్కించుట ఈ వ్యాధిలో ప్రాణములను లెక్కించుటయే.

సూక్ష్మజీవులు మెదడునకు చేరు దారులు కొన్ని గలవు. వానిలో పల్లెవారు మొదట నెరుగవలసినది చెవి దారి.

చెవి కారుట పల్లెలయందు వ్యాధిగా నెంచబడదు. చిన్ననాటినుండి ఉన్నదే, పెద్దయినచో పోవునని తల్లులు సరిపెట్టుకొందురు. వెల్లుల్లి కాచిన నూనె పోయుదురు, ఆకుపసరు పిండుదురు, అగ్గిపుల్లతోనో పిన్నుతోనో గెలుకుదురు. కర్ణభేరికి లోపలనున్న మధ్యకర్ణము చిన్న గదివంటిది. దాని పైకప్పు పలుచని యెముకరేకు. ఆ రేకు పైన కణతలోపలి మెదడుభాగమున్నది. చెవివెనుక నున్న యెముకకు ఆవల చిన్నమెదడున్నది. చీము సంవత్సరములకొలది ఆ గదిలో నిలిచినచో యెముక కృశించును. కొందరిలో చర్మపు పొలుసులు పోగుపడి ముద్దగట్టి యెముకను కొరుకుచుపోవును. దీనిని వైద్యులు కొలెస్టియటోమా యందురు. అట్టి చెవినుండి వచ్చు స్రావము కొంచెమే యైనను దుర్గంధము వేయును. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున చెప్పిన ఇరువదియెనిమిది కర్ణరోగములలో పూతికర్ణమని యొకటి కలదు. ఆ పేరున కర్థము కుళ్లు వాసన గల చెవి యనియే. నీరువలె కారు చెవికంటె కంపుకొట్టు చెవి యెక్కువ ప్రమాదమని యింటింట తెలియవలెను. కారుచున్న చెవి హఠాత్తుగా ఎండిపోయి, తలనొప్పి మొదలైనచో నయమైనదని సంతసింపరాదు. చీము దారి మార్చుకొన్నదేమో యని శంకింపవలెను.

రెండవ దారి ముక్కు. ముక్కునకు ఇరుప్రక్కలను, నుదుటియందును గాలిగదులు గలవు. అచ్చట చీము నిలిచినచో నుదుటివెనుకనున్న మెదడుభాగమునకు ప్రాకవచ్చును. పుచ్చిన దంతముల మూలమున నడుగున చేరిన చీము కూడ కొందరియందు మెదడును చేరును. మూడవది రక్తపు దారి. ఊపిరితిత్తులలో చీము పట్టినవారికి సూక్ష్మజీవులు రక్తముతో తలకెక్కవచ్చును. పుట్టుకతోనే గుండెలో రంధ్రముండి, పెదవులు గోళ్లు నీలివర్ణము దాల్చు బిడ్డలు కొందరుందురు. సామాన్యముగా చెడురక్తము ఊపిరితిత్తుల సన్నని నాళములలో వడగట్టబడి పోవును. ఈ బిడ్డలలో కొంత రక్తము ఆ జల్లెడను తప్పించుకొని నేరుగా మెదడునకు పోవును. నీలిబిడ్డకు జ్వరము, తలనొప్పి వచ్చినప్పుడు మామూలు జ్వరమని మాత్ర ఇచ్చి ఊరకుండుట తగదు. నాల్గవది దెబ్బ. కపాలమెముక పగిలి, పొరలు చిరిగి, మన్నో బొగ్గో లోన చేరినచో అచ్చట చీము పట్టవచ్చును. గనిలో తలటోపి ధరించుట నియమము కొరకు మాత్రమే కాదు. దెబ్బ తగిలి కుట్లు పడిన పిదప కొన్ని వారములకు తలనొప్పి ముదిరినచో ఆ పాత దెబ్బను వైద్యునకు తప్పక చెప్పవలెను.

ఇచ్చట నొక యపోహను తొలగింపవలెను. బొగ్గుధూళి స్వయముగా మెదడున చీము కలిగింపదు. ధూళిచే చెడిన ఊపిరితిత్తులు సూక్ష్మజీవులకు సులభముగా లొంగును; కావున దీర్ఘకాలపు దగ్గును, దుర్గంధముతో కూడిన కఫమును అలక్ష్యము చేయరాదనుట మాత్రమే సత్యము. ఇది అంటువ్యాధియు గాదు. రోగి కంచమును వేరుచేయ నక్కరలేదు.

ఇక లక్షణములు. తలనొప్పి అన్నిటికంటె తరచుగా కనబడునది. అది దినదినము పెరుగును, మామూలు మాత్రకు లొంగదు. జ్వరము, తలనొప్పి, అవయవలోపము అను మూడును కూడినచో వ్యాధిని సులభముగా శంకింపవచ్చును. కాని ఆ మూడును కలసి యుండువారు అయిదుగురిలో నొక్కరు మాత్రమే. జ్వరము సుమారు సగముమందికే యుండును. జ్వరము లేదు గనుక భయము లేదనుకొనుట పొరపాటు. వాంతులు, మగత, చూపు మసకబారుట కపాలములో ఒత్తిడి పెరిగినదని తెలుపును. సుమారు నాల్గింట నొకరికి మూర్ఛ వచ్చును.

గడ్డ ఉన్న చోటునుబట్టి లక్షణము మారును. నుదుటివెనుక నున్నచో స్వభావమే మారిపోవును. నెమ్మదిగలవాడు మొరటుగా ప్రవర్తించును, చురుకైనవాడు మొద్దుబారును. ఎడమ కణతలో నున్నచో వస్తువును చూచి గుర్తించును గాని దాని పేరు నోటికి రాదు. చిన్నమెదడులో నున్నచో నడక తూలును, చేయి గురి తప్పును. ఇట్లు తూలుచు వచ్చువానిని ఈ ప్రాంతమున జనులు ఏమనుకొందురో చెప్పనక్కరలేదు. త్రాగివచ్చినాడని తలుపు మూయుదురు. స్వభావము మారినవానికి గాలి సోకినదని తాయెత్తు కట్టుదురు. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవి పెట్టుదురు. ఇనుము మూర్ఛను ఆపదు. అది తనంత తానే ఆగును. ఆగినంత మాత్రమున కారణము పోదు. జీవితమున మొదటిసారి మూర్ఛ వచ్చిన పెద్దవాని తలను పరీక్షింపజేయక వదలరాదు. ఇట్టి యూహాపోహలలో గడచు దినములలోనే తొడుగు లోపల చీము పెరుగును. కడపట గడ్డ పగిలి మెదడు నడుమనున్న నీటిగదులలోనికి చిందినచో స్థితి గంటలలో విషమించును. అప్పుడు మరణభయము మిక్కిలి హెచ్చు.

కపాలమును తెరచి వైద్యము చేయుట అను తలంపు ఈ దేశమునకు క్రొత్త గాదు. బౌద్ధుల వినయపిటకమున జీవకుడను వైద్యుడు రాజగృహమునందొక శ్రేష్ఠి తల తెరచి పురుగులను తీసినట్లు కథ యున్నది. బల్లాలుని భోజప్రబంధమున భోజరాజునకు మత్తు కలిగించి కపాలచికిత్స చేసినట్లు చెప్పబడినది. ఇవి కథలే గాని వైద్యచరిత్రకు ప్రమాణములు గావు. అయినను తల తెరచుట అసాధ్యమని పూర్వులు భావింపలేదనుటకు సాక్ష్యములు. మెదడులోని చీమును క్రమబద్ధముగా కనిపెట్టి తీయుట మాత్రము 19వ శతాబ్దమున జరిగినది.

ఆ చరిత్రలో ప్రతి గృహస్థు నెరుగవలసిన యుదంత మొకటి కలదు. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమందు విలియం మెక్యువెన్ అను శస్త్రవైద్యుడుండెను. 1876లో ఒక బాలుని లక్షణములను పరిశీలించి, నుదుటివెనుక ఎడమభాగమున చీముగడ్డ యున్నదని ఆయన నిశ్చయించెను. అప్పటికి ఎక్స్‌రే కూడ లేదు; లక్షణములే ఆధారము. శస్త్రచికిత్స చేయ ననుమతి కోరగా బంధువులు నిరాకరించిరి. బాలుడు మరణించెను. మరణానంతరము పరీక్షింపగా, ఆయన చెప్పిన చోటనే గడ్డ యున్నది. ఆ తల్లిదండ్రులను నిందింప బనిలేదు. తల తెరచి బ్రదికినవారిని వారు చూచియుండలేదు. 1893లో మెక్యువెన్ తన గ్రంథమును ప్రకటించెను. తాను శస్త్రచికిత్స చేసిన 19 మంది మెదడుగడ్డల రోగులలో 18 మంది కోలుకొనిరని అందు వ్రాసెను. పెన్సిలిన్ లేని కాలమున నది యాశ్చర్యకరమైన ఫలితము. నాటి నిరాకరణమునకు కారణ ముండెను. నేడు నిరాకరించువారికి ఆ కారణము లేదు.

పిదప రెండు గొప్ప మలుపులు వచ్చినవి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. 1940 తరువాత అది రోగులకు అందినది. 1971లో లండనునందు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రముతో మొదటిసారి రోగి మెదడు పొరలుపొరలుగా చిత్రింపబడెను. అదియే నేటి సీటీ స్కాన్. అందులకు 1979లో ఆయన అలన్ కార్మాక్‌తో కలసి నోబెల్ బహుమానము పొందెను. ఇవి రెండును వచ్చుటచే ఫలితములు మారినవి. 1960 ప్రాంతమున నూటికి 40 మంది మరణించుచుండగా, 21వ శతాబ్దారంభమునకు ఆ సంఖ్య 15 ప్రాంతమునకు దిగినది. నూటికి 70 మంది మంచి స్థితికి తిరిగి వచ్చుచున్నారు.

నేటి చికిత్సాక్రమ మిట్లుండును. మొదట స్కాన్. సిర ద్వారా ప్రత్యేకపు మందు నెక్కించి చిత్రము తీసినచో గడ్డ తొడుగు ఉంగరమువలె వెలుగును. కంతి యైనను, క్షయగడ్డ యైనను, పురుగుతిత్తి యైనను కొన్నిమార్లు అట్లే కనబడును. ఎమ్మారై పరీక్షలోని యొక ప్రత్యేక చిత్రము చీమును వానినుండి వేరుపరచుటకు తోడ్పడును. మెదడుపొరల జ్వరమని తలచి వెంటనే వెన్నునీరు తీయుట యిచ్చట అపాయకరము కావచ్చును. కపాలములో ఒత్తిడి యున్నప్పుడు క్రింద నీరు తీసినచో మెదడు క్రిందికి జారవచ్చును. అందుచే ముందు స్కాన్, పిదప తక్కిన విచారణ.

గడ్డ రెండున్నర సెంటీమీటర్ల కంటె పెద్దదైనచో సామాన్యముగా చీమును తీయుదురు. గనివారు బొగ్గుపొరను తెలిసికొనుటకు నేలకు బోరు వేయుదురు గదా! అట్లే మెదడు శస్త్రవైద్యులు కపాలమునకు చిన్న రంధ్రము తొలిచి, స్కాన్ చూపిన లెక్క ప్రకారము సూదిని గడ్డలోనికి పంపి చీమును లాగుదురు. దీనివలన రెండు లాభములు: ఒత్తిడి వెంటనే తగ్గును, చీమును పరీక్షించి ఏ సూక్ష్మజీవి యున్నదో, ఏ మందునకు లొంగునో తెలియును. కొన్ని గడ్డలను తొడుగుతో సహా తీసివేయవలసి వచ్చును. చిన్నవియు, లోతుగా పెక్కుచోట్ల నున్నవియు మందులతోనే కరగింప ప్రయత్నింతురు. హైదరాబాదు నిమ్స్ సంస్థవారు తమయొద్దకు వచ్చిన మెదడుగడ్డల చీమునందలి సూక్ష్మజీవులను గూర్చి 24 సంవత్సరముల పరిశీలనను 2011లో ప్రకటించిరి. ఊహ చేసి మందిచ్చుటకును, తెలిసి యిచ్చుటకును గల భేదము అట్టి పరిశ్రమవలననే తెలియును.

మందులు సిర ద్వారా ఇవ్వబడును. సెఫ్ట్రియాక్సోను, గాలి లేనిచోట పెరుగు సూక్ష్మజీవులకు మెట్రోనిడజోలు తరచుగా వాడబడునవి. పరీక్షాఫలితమునుబట్టి మార్పు చేయుదురు. సామాన్యముగా ఆరునుండి ఎనిమిది వారములు చికిత్స సాగును. నడుమ నడుమ స్కాన్ తీసి గడ్డ తగ్గుచున్నదో లేదో చూతురు. మూర్ఛ మందు కొంతకాలము, కొందరికి చాలకాలము, వాడవలెను. మూలమున నున్న చెవియో దంతమో సరిచేయనిచో మరల చీము పుట్టు ప్రమాదమున్నది. కావున చెవికి కూడ శస్త్రచికిత్స అవసరము కావచ్చును. అటుపిమ్మట చేయి, కాలు, మాట తిరిగి పట్టుటకు నెలల యభ్యాసము.

ఇచ్చటనే పెక్కుమంది తప్పటడుగు వేయుదురు. పది దినములకు జ్వరము దిగును, తలనొప్పి తగ్గును. ఇంటి యజమాని పనికి పోక కూలి పోవుచున్నది. ఆసుపత్రిలో తోడుండువారి తిండి ఖర్చు పెరుగుచున్నది. బాగైనది గదా, ఇంటికి పోవుదమని బయలుదేరుదురు. శిస్తులో సగము కట్టినవాని పేరు బకాయి జాబితానుండి తొలగదు. నాల్గు వారములకు ఆపిన మందు మిగిలిన సూక్ష్మజీవులను బ్రదుకనిచ్చును. ఒప్పందపు కార్మికుల కుటుంబములకు ఈ కష్టము మరింత భారము. అట్టి యింటికి ఇరుగుపొరుగువారు చేయదగిన మేలు పరామర్శ మాత్రమే కాదు. రోగియొద్ద వంతులవారీగా తోడుండుట, పిల్లలను చూచుకొనుట, వైద్యులు పంపినప్పుడే ఇంటికి రావలెనని ధైర్యము చెప్పుట.

దూరము కూడ నొక చిక్కే. గోదావరిఖనిలో సింగరేణి సంస్థ ఆసుపత్రి యున్నది. రామగుండమున 2022 నవంబరులో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. మొదటి పరీక్షకు ఎంతో దూరము పోవలసిన కాలము గడచినది. మెదడు శస్త్రచికిత్సకు మాత్రము వరంగల్లుకో, రెండువందల కిలోమీటర్లకు మించిన హైదరాబాదునకో పంపవలసి రావచ్చును. 2005లో ఆరంభమైన 108 వాహనము, 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదవారికి ఆధారములు. కాగితములు వెదకుటలో పూట గడపక, ఆహారభద్రత కార్డు, పాత వైద్యపు చీటీలు ఒక సంచిలో నెల్లప్పుడు నుంచుకొనుట మంచిది. పాత చీటీలో వ్రాసిన చెవి కారు సంగతియే క్రొత్త వైద్యునకు దారి చూపవచ్చును.

నివారణోపాయములు కఠినమైనవి గావు. కారుచెవిని వైద్యునకు చూపవలెను. నూనె, పసరు పోయరాదు. నయమగువరకు చెరువులో మునుగరాదు. పుచ్చుపండ్లను బాగుచేయించుకొనవలెను. నీలిబిడ్డల గుండెకు సకాలమున చికిత్స చేయింపవలెను. తలకు దెబ్బ తగిలినప్పుడు గాయమును శుభ్రపరపించి, ముక్కునుండియో చెవినుండియో నీరు కారుచున్నదేమో గమనింపవలెను. చెవి, ముక్కు, గుండె వ్యాధులున్నవారికి తలనొప్పి నిలకడగా పెరిగినచో, జ్వరమున్నను లేకున్నను, ఆ దినముననే పెద్దాసుపత్రికి పోవలెను.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమున రామాయణ భారతములు చదువబడినవి, వార్తాపత్రికలు వినిపింపబడినవి. ఆ వరుసలోనే బీరువాలో ఆరోగ్యగ్రంథముల కొక అర కేటాయింపబడుగాక. చదువు వచ్చినవారు వారమున కొకమారు రానివారికి అందలి విషయములను చదివి వినిపింతురుగాక. పొరుగింటి బిడ్డ చెవి కంపుకొట్టుచున్నదని గమనించి, దానిని ఆసుపత్రికి పంపిన పాఠకుడు ఒక్కడున్నను ఈ గ్రంథాలయము పెట్టిన ఖర్చు తీరినట్లే.

స్వస్తి.